బయ్యారం ఇనుప ఖనిజం: ‘నాణ్యత తక్కువ’ అనే మాటకు ఖనిజశుద్ధి శాస్త్రం చెప్పే అర్థం

వ్యాస సంగ్రహం

మహబూబాబాద్ జిల్లా బయ్యారం ప్రాంతంలోని ఇనుప ఖనిజం నాణ్యత తక్కువదని, అందువల్ల ఉక్కు పరిశ్రమ లాభసాటి కాదని ఒక వాదన ఉంది. ఖనిజం ఉన్న చోటే పరిశ్రమ రావాలన్నది దానికి ఎదురైన వాదన. ఈ రెండింటి మధ్య ఖనిజశుద్ధి ఇంజినీరింగ్ అడిగే ప్రశ్నలు మరుగున పడుతున్నాయి. ముడి ఖనిజంలోని ఇనుము శాతం ఒక్కటే దాని విలువను నిర్ణయించదు. ఇనుప రేణువు ఏ పరిమాణంలో రాతి నుంచి విడివడుతుంది, ఒక టన్ను శుద్ధ ఖనిజానికి ఎన్ని టన్నులు తవ్వి నలగగొట్టాలి, మిగిలిన బురదను, నీటిని ఎక్కడ ఉంచాలి అన్న అంశాలే నిర్ణాయకాలు. ఈ అంశాలను సరళమైన లెక్కలతో, కుద్రేముఖ్, మెసాబీ గనుల అనుభవంతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: బయ్యారం, ఇనుప ఖనిజం, ఖనిజశుద్ధి, మాగ్నటైట్, అయస్కాంత వేర్పాటు, వ్యర్థ బురద, మహబూబాబాద్.

1. ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లోని పదమూడవ షెడ్యూలు ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం స్థాపనకు గల సాధ్యాసాధ్యాలను పరిశీలించే బాధ్యతను భారత ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్)కు అప్పగించింది. నియమిత దినమైన 2014 జూన్ 2 నుంచి ఆరు నెలల గడువు పెట్టింది. చట్టం వాడిన మాట ‘పరిశీలించడం’. ప్రజల్లో అది ‘స్థాపించడం’గా స్థిరపడింది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో బయ్యారం, గార్ల మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్ జిల్లాకు మారాయి. అందువల్ల చట్టంలో ఖమ్మం పేరుతో ఉన్న హామీ నేడు మహబూబాబాద్ జిల్లా ప్రశ్నగా నిలిచింది. తూర్పున బయ్యారం గుట్టల నుంచి పడమట వరంగల్–ఖమ్మం రహదారిపై ఉన్న మరిపెడ వరకు, వ్యవసాయం తప్ప పెద్ద ఉపాధి ఆధారం లేని ఈ జిల్లాలో చదువుకున్న యువత ఆశలు ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నాయి.

కేంద్ర ప్రభుత్వ వర్గాలు ఇక్కడి ఖనిజం తక్కువ శ్రేణిదని, కర్మాగారం ఆర్థికంగా నిలవదని పలుమార్లు పేర్కొన్నాయి. ఉద్యమ సంఘాలు దీనిని రాజకీయ వివక్షగా భావించాయి. ఈ వివాదంలో ఎవరిది న్యాయమన్నది ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ‘నాణ్యత తక్కువ’ అనే మాట శాస్త్రీయంగా దేనిని చెబుతుంది, దేనిని చెప్పదు అన్నదే ఇక్కడి విషయం.

2. ప్రాంతం, పూర్వరంగం

తెలుగు అధ్యాపకులకు బయ్యారం పేరు మొదట చరిత్ర ద్వారా పరిచయం. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమానికి ప్రధాన ఆధారాలలో ఒకటి. ఇనుముతో తెలంగాణకున్న సంబంధమూ పాతదే. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కును కరిగించే పద్ధతిని భూవిజ్ఞాని హెన్రీ వెస్లీ వాయిసీ నమోదు చేయగా, ఆ వివరణ 1832లో ఆసియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో వెలువడింది. నాటి కొలిమివారు ఖనిజాన్ని దంచి, బరువైన నల్లటి రేణువులను తేలిక మట్టి నుంచి వేరుచేసుకొని వాడేవారు. ఆధునిక ఖనిజశుద్ధి కర్మాగారం చేసే పని కూడా స్వభావంలో ఇదే. మార్పు వచ్చింది పరిమాణంలో, కచ్చితత్వంలో.

మరొక పూర్వరంగం సమీప కాలానిది. దేశంలో బొగ్గు ఆధారంగా స్పాంజ్ ఐరన్ తయారీకి తొలి ప్రదర్శనాత్మక కర్మాగారం పొరుగున ఉన్న పాల్వంచలోనే ఏర్పడింది. స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ సంస్థ 1980లో ఏడాదికి 30,000 టన్నుల సామర్థ్యంతో అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. కోకింగ్ బొగ్గు లేకుండా సాధారణ బొగ్గుతో ఇనుప ఖనిజాన్ని క్షయకరణం చేయవచ్చని నిరూపించడమే దాని ఉద్దేశం. ఆ సంస్థ 2010లో ఎన్‌ఎండీసీలో విలీనమైంది. ఈ ప్రాంతంలో ఇనుము, బొగ్గు కలిసి ఆలోచనకు రావడం కొత్త కాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

3. శాతం చెప్పేది ఏమిటి?

ఇనుప ఖనిజాలలో ముఖ్యమైనవి హెమటైట్, మాగ్నటైట్. స్వచ్ఛమైన హెమటైట్‌లో సుమారు 69.9 శాతం, మాగ్నటైట్‌లో సుమారు 72.4 శాతం ఇనుము ఉంటుంది. కాబట్టి ‘35 శాతం ఇనుము’ గల హెమటైట్ రాయి అంటే అందులో సగం హెమటైట్, మిగతా సగం ఖనిజ మాలిన్యం. పొరలుగా ఏర్పడిన ఇనుప శిలల్లో ఈ మాలిన్యం ప్రధానంగా పలుగురాయి, అంటే సిలికా.

ఈ రాయిని నేరుగా బ్లాస్ట్ కొలిమిలో వేస్తే సిలికాను తొలగించడానికి దాదాపు అంతే బరువు సున్నం కావాలి. సిలికా, సున్నం కలిసి లోహమలంగా మారాలి. ఆ లోహమలాన్ని కరిగించడానికి అదనంగా కోక్ మండాలి. ఫలితంగా కొలిమి ఇనుము కంటే లోహమలాన్నే ఎక్కువగా తయారుచేస్తుంది. స్పాంజ్ ఐరన్ పద్ధతిలో సమస్య మరింత తీవ్రం. అక్కడ ఖనిజం కరగదు కనుక మాలిన్యం వేరుపడే అవకాశమే లేదు. లోపలికి వెళ్లిన సిలికా అంతా ఉత్పత్తిలోనే మిగిలి, తరువాతి విద్యుత్ కొలిమికి భారమవుతుంది. అందువల్లే కొలిమికి 60 శాతానికి మించిన ఖనిజం కావాలంటారు.

దీని నుంచి తేలేది ఒక్కటే: తక్కువ శ్రేణి ఖనిజాన్ని తవ్వినది తవ్వినట్టుగా కొలిమిలో వాడలేము. శుద్ధి చేసి వాడవచ్చా అన్న ప్రశ్నకు శాతం ఒక్కటే సమాధానం ఇవ్వదు. ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ 2009లో హెమటైట్ ఖనిజానికి 45 శాతం ఇనుమును అవధి విలువగా ప్రకటించింది. అంతకు తక్కువైన దానిని కూడా శుద్ధి చేయగల సందర్భాలున్నాయి. అంతకు ఎక్కువ ఉండి శుద్ధికి లొంగని ఖనిజాలూ ఉన్నాయి.

4. విడివడే పరిమాణం

ఖనిజశుద్ధికి మూలసూత్రం సులభం. రెండు పదార్థాలను వేరుచేయాలంటే ముందు అవి విడివిడి రేణువులు కావాలి. వడ్లను మరాడించినప్పుడు పొట్టు గింజను వదిలితేనే చెరుగు ఉపయోగపడుతుంది. పొట్టు అంటుకొని ఉండగా ఎంత చెరిగినా ప్రయోజనం లేదు. రాతిలోనూ ఇంతే. ఇనుప ఖనిజపు రేణువులు పలుగురాయిలో అర మిల్లీమీటరు పరిమాణంలో ఉంటే రాయిని ఆ మేరకు నలగగొడితే చాలు. అవి 30 మైక్రాన్ల పరిమాణంలో, తల వెంట్రుక మందంలో సగం కూడా లేని స్థితిలో అల్లుకొని ఉంటే రాయిని పిండి కంటే మెత్తగా చేయాలి. ఏ పరిమాణంలో చాలావరకు రేణువులు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయో దానిని విడివడే పరిమాణం అనవచ్చు. సూక్ష్మదర్శిని కింద సానబట్టిన రాతి పలకలను పరిశీలించి దీనిని నిర్ధారిస్తారు.

విడివడిన తరువాత వేర్పాటుకు ఖనిజ స్వభావమే మార్గం చూపుతుంది. మాగ్నటైట్ బలమైన అయస్కాంత గుణం కలది. 0.1 నుంచి 0.2 టెస్లా క్షేత్రం గల డ్రమ్ము దానిని నీటి ప్రవాహం నుంచి పట్టుకొంటుంది. ఖర్చు తక్కువ, వేర్పాటు శుభ్రం. హెమటైట్‌ది బలహీనమైన అయస్కాంత గుణం. దానికి 1 టెస్లా స్థాయి క్షేత్రం కావాలి, లేదా సాంద్రతలోని తేడాను వాడుకోవాలి. హెమటైట్ సాపేక్ష సాంద్రత సుమారు 5, పలుగురాయిది 2.65. అయితే సాంద్రత ఆధారంగా వేరుచేసే స్పైరల్ వంటి పరికరాలు చాలా సన్నని రేణువుల దగ్గర పట్టు కోల్పోతాయి. అప్పుడు ప్లవన ప్రక్రియ అవసరమవుతుంది. అందులో రసాయనాల ఖర్చు, నీటి నాణ్యత సమస్యలు వచ్చి చేరతాయి.

బయ్యారం పరిసర శిలల విషయంలో ‘ఎంత శాతం’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏ ఖనిజం, ఏ పరిమాణంలో’ అన్న ప్రశ్న అవసరం కావడానికి కారణం ఇదే. గుట్టల వాలుల్లో విడిగా పడి ఉన్న ముడి ఖనిజపు రాళ్లు, లోపలి పొరల శిల ఒకే స్వభావం కలవి కానవసరం లేదు. పైన ఏరిన నమూనా ఫలితాన్ని మొత్తం నిక్షేపానికి అన్వయించడం ఇరు పక్షాల వాదనలోనూ పొరపాటుకు దారితీస్తుంది.

5. దిగుబడి లెక్క

శుద్ధి ఫలితాన్ని అంచనా వేయడానికి మూడు విలువలు చాలు: ముడి ఖనిజంలో ఇనుము శాతం, శుద్ధ ఖనిజంలో ఇనుము శాతం, వ్యర్థంలో మిగిలిన ఇనుము శాతం. దిగుబడి సూత్రం ఇది:

దిగుబడి = (ముడి శాతం − వ్యర్థ శాతం) ÷ (శుద్ధ శాతం − వ్యర్థ శాతం)

కింది మూడు ఉదాహరణలు సూత్రాన్ని వివరించడానికి తీసుకున్నవి మాత్రమే. ఇవి బయ్యారం నమూనాల ఫలితాలు కావు.

మొదటి ఉదాహరణ: ముడి ఖనిజం 35 శాతం, శుద్ధ ఖనిజం 64 శాతం, వ్యర్థం 12 శాతం. దిగుబడి 44.2 శాతం. ఒక టన్ను శుద్ధ ఖనిజానికి 2.26 టన్నుల రాయి కావాలి. రాతిలోని ఇనుములో 81 శాతం చేతికి వస్తుంది.

రెండవ ఉదాహరణ: ముడి ఖనిజం అదే 35 శాతం. కానీ రేణువులు సన్నగా అల్లుకొని ఉన్నందున శుద్ధ ఖనిజం 58 శాతం దాటలేదు, వ్యర్థంలో 20 శాతం ఇనుము పోయింది. దిగుబడి 39.5 శాతం. టన్నుకు 2.53 టన్నుల రాయి. చేతికి వచ్చిన ఇనుము 65 శాతమే. శుద్ధ ఖనిజం అయినా కొలిమి కోరే స్థాయికి చేరలేదు.

మూడవ ఉదాహరణ: ముడి ఖనిజం 25 శాతమే. కానీ అది ముతక రేణువుల మాగ్నటైట్. శుద్ధ ఖనిజం 66 శాతం, వ్యర్థం 6 శాతం. దిగుబడి 31.7 శాతం. టన్నుకు 3.16 టన్నుల రాయి. చేతికి వచ్చిన ఇనుము 84 శాతం.

‘నాణ్యత తక్కువ’ అనే మాట మూడవ రాతికి అన్నింటికంటే ఎక్కువగా వర్తిస్తుంది. అయినా కొలిమికి తగిన మంచి ఖనిజాన్ని ఇచ్చేది అదే. అయితే అది ఎక్కువ రాయిని తవ్వమంటుంది, ఎక్కువ వ్యర్థాన్ని మిగులుస్తుంది. రెండవ రాయి శాతంలో మెరుగు, శుద్ధిలో విఫలం. ఒకే మాట ఈ రెండు స్థితులనూ కప్పివేస్తుంది.

6. నలగగొట్టడానికి అయ్యే విద్యుత్తు

శుద్ధి కర్మాగారంలో అధిక విద్యుత్తు నలగగొట్టడానికే ఖర్చవుతుంది. 1952లో ఫ్రెడ్ బాండ్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ఈ ఖర్చు రేణువు తుది పరిమాణపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. రాతి కాఠిన్యాన్ని సూచించే పని సూచికను టన్నుకు 13 యూనిట్లుగా తీసుకుందాం. 10 మిల్లీమీటర్ల ముక్కలను 150 మైక్రాన్లకు తేవడానికి టన్ను రాతికి సుమారు 9.3 యూనిట్ల విద్యుత్తు పడుతుంది. 45 మైక్రాన్లకు తేవాలంటే అది 18.1 యూనిట్లకు చేరుతుంది. ఒక టన్ను శుద్ధ ఖనిజానికి 2.26 టన్నుల రాయి అనుకుంటే ఖర్చు 21 యూనిట్ల నుంచి 41 యూనిట్లకు పెరుగుతుంది.

ఈ ఖర్చును తగ్గించడానికి ఇంజినీర్లు దశలవారీ వేర్పాటును అనుసరిస్తారు. ముతకగా నలగగొట్టిన దశలోనే ఇనుము లేని రాతి ముక్కలను అయస్కాంతంతో వేరుచేసి పక్కన పెడతారు. మిగిలిన దానినే బాల్ మిల్లులో మెత్తగా చేస్తారు. మాగ్నటైట్ ఖనిజానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

మెత్తటి శుద్ధ ఖనిజాన్ని అలాగే కొలిమిలో వేయలేము. దానిని 8 నుంచి 16 మిల్లీమీటర్ల గుళికలుగా చుట్టి, సుమారు 1,250–1,300 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి గట్టిపరచాలి. మాగ్నటైట్ ఆక్సీకరణం చెందేటప్పుడు ఉష్ణాన్ని విడుదల చేస్తుంది కనుక హెమటైట్ గుళికల కంటే దానికి ఇంధనం తక్కువ పడుతుంది. ఖనిజం రకాన్ని బట్టి ఖర్చు మారే మరో సందర్భం ఇది.

7. రెండు అనుభవాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం మెసాబీ శ్రేణిలో మేలురకం ఖనిజం తరిగిపోతున్న కాలంలో, 25–30 శాతం ఇనుము గల టాకొనైట్ అనే గట్టి శిల మిగిలింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇ. డబ్ల్యు. డేవిస్ దశాబ్దాల పాటు దాని శుద్ధిపై పరిశోధించారు. 1950ల మధ్యలో భారీ ఉత్పత్తి మొదలైంది. విలువలేనిదనుకున్న రాయి ఒక ప్రాంత ఆర్థిక వ్యవస్థను నిలబెట్టింది. అయితే రిజర్వ్ మైనింగ్ సంస్థ సిల్వర్ బేలోని తన కర్మాగారం నుంచి రోజుకు దాదాపు 67,000 టన్నుల వ్యర్థాన్ని సుపీరియర్ సరస్సులో వదిలింది. సుదీర్ఘ న్యాయ పోరాటం తరువాత 1980లో గాని అది భూమిపై నిల్వకు మారలేదు.

దక్షిణ భారతంలోని ఉదాహరణ కర్ణాటకలోని కుద్రేముఖ్. 1976లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ అక్కడ సుమారు 38 శాతం ఇనుము గల మాగ్నటైట్ శిలను శుద్ధి చేసి, నీటిలో కలిపిన రూపంలో 67 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా మంగళూరుకు పంపింది. తక్కువ శ్రేణి ఖనిజాన్ని భారతదేశంలో భారీ స్థాయిలో శుద్ధి చేయవచ్చని కుద్రేముఖ్ నిరూపించింది. పశ్చిమ కనుమల అడవికి, భద్రా నదికి కలిగే హానిపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2005 చివర తవ్వకం ఆగింది.

ఈ రెండు చోట్లా శుద్ధి విజ్ఞానం విఫలం కాలేదు. సమస్య వ్యర్థం దగ్గర, నీటి దగ్గర వచ్చింది. బయ్యారం గురించిన చర్చలో ఈ భాగమే అతి తక్కువగా వినిపిస్తుంది.

8. నీరు, వ్యర్థ బురద, గ్రామాలు

మొదటి ఉదాహరణనే తీసుకుంటే ఏడాదికి 10 లక్షల టన్నుల శుద్ధ ఖనిజం తయారుచేసే కర్మాగారం 12.6 లక్షల టన్నుల వ్యర్థాన్ని మిగులుస్తుంది. అది 30 శాతం ఘనపదార్థం గల బురదగా బయటకు పోతే దానితో పాటు ఏడాదికి దాదాపు 29 లక్షల ఘనపు మీటర్ల నీరు, అంటే 0.1 టీఎంసీ పోతుంది. చిక్కబరచే తొట్టెలతో ఘనపదార్థాన్ని 55 శాతానికి పెంచితే ఆ నీరు 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గుతుంది. వడగట్టి 85 శాతం ఘనరూపంలో గుట్టగా పేర్చితే 2.2 లక్షల ఘనపు మీటర్లు చాలు. మూడవ పద్ధతిలో యంత్రాల ఖర్చు ఎక్కువ. కానీ బురద చెరువు, దాని కట్ట తెగే ప్రమాదం ఉండవు.

మహబూబాబాద్ జిల్లాలో ఈ ఎంపిక కేవలం ఖర్చుకు సంబంధించినది కాదు. ఇది మున్నేరు, ఆకేరు పారే నేల. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల మీద ఆధారపడిన వ్యవసాయం ఇక్కడిది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు మరిపెడ మండలంలో ఆకేరు పొంగి పొర్లింది. కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అటువంటి వాన మళ్లీ రాదనుకొని బురద కట్టను రూపొందించడం ఇంజినీరింగ్ కాదు. కట్ట తెగితే సన్నని సిలికా బురద పొలాల్లో, చెరువుల్లో పేరుకొని నేలను పనికిరాకుండా చేస్తుంది.

బయ్యారం పరిసరాల్లో షెడ్యూల్డు ప్రాంత గ్రామాలు కూడా ఉన్నాయి. 1997 నాటి సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడాన్ని నిరోధించింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు స్థానం కల్పించింది. కాబట్టి కోయ, లంబాడా కుటుంబాల సమ్మతి, భాగస్వామ్యం ప్రాజెక్టు నివేదికలో చివరి అధ్యాయంగా కాక మొదటి షరతుగా ఉండవలసిన విషయాలు.

9. కొలిమి, ఇంధనం, రవాణా

శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం వేర్వేరు నిర్ణయాలు. బయ్యారం ఖనిజం శుద్ధికి లొంగినంత మాత్రాన సమీకృత ఉక్కు కర్మాగారం దానంతట అది సమర్థనీయం కాదు. బ్లాస్ట్ కొలిమికి కోకింగ్ బొగ్గు కావాలి. సింగరేణి బొగ్గు ఆ రకానిది కాదు. పది లక్షల టన్నుల ఉక్కుకు దాదాపు 16 లక్షల టన్నుల మేలైన ఖనిజం ఏటా, దశాబ్దాల పాటు అందాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల్లో మేలురకం హెమటైట్ ఉంది. అక్కడికి దగ్గరలో నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరు 3న ప్రారంభమైంది. ఆ పోటీని లెక్కలోకి తీసుకోక తప్పదు.

మరోవైపు అనుకూలతలూ ఉన్నాయి. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా సాగుతుంది. డోర్నకల్ నుంచి కొత్తగూడెం బొగ్గు ప్రాంతానికి శాఖ ఉంది. శుద్ధ ఖనిజం, గుళికలు, సాధారణ బొగ్గుతో క్షయకరణం అనే చిన్న స్థాయి క్రమం పాల్వంచ అనుభవానికి కొనసాగింపు కాగలదు. అయితే సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ కనుక బొగ్గును కూడా శుద్ధి చేయవలసి ఉంటుంది.

10. పరిశోధనకు మిగిలిన పని

బయ్యారం ప్రశ్నకు సాంకేతిక సమాధానం ఇవ్వాలంటే ఈ క్రమం అవసరం:

అ) నిక్షేపాన్ని లోతుగా డ్రిల్లింగ్ చేసి, ఐక్యరాజ్యసమితి వర్గీకరణలోని మూడు కొలమానాలైన భూగర్భ నిశ్చయత, సాధ్యత, ఆర్థిక యోగ్యతల ప్రకారం వనరులను, నిల్వలను వేరుచేసి ప్రకటించడం.

ఆ) పై రాళ్లను, లోపలి పొరలను వేర్వేరుగా నమూనా తీసి, హెమటైట్, మాగ్నటైట్ పాళ్లను, విడివడే పరిమాణాన్ని నిర్ధారించడం.

ఇ) జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ వంటి చోట్ల ప్రయోగశాల స్థాయిలో, ఆపై నమూనా కర్మాగార స్థాయిలో శుద్ధి పరీక్షలు జరిపి, దిగుబడి ఫలితాలను బహిరంగపరచడం.

ఈ) నీటి లభ్యత, వ్యర్థ నిల్వ, వరద అంచనాలను శుద్ధి పరీక్షలతో పాటే అధ్యయనం చేయడం.

వరంగల్ ఎన్‌ఐటీలోని లోహశాస్త్ర విభాగానికి, కొత్తగూడెంలోని మైనింగ్ విద్యాసంస్థకు ఈ నిక్షేపం దగ్గరలోనే ఉంది. నమూనాల సూక్ష్మదర్శిని అధ్యయనం, బాండ్ సూచిక నిర్ధారణ, అయస్కాంత వేర్పాటు పరీక్షలు పరిశోధక విద్యార్థులు చేయగల పనులు. వాటికి ప్రభుత్వ విధాన నిర్ణయం కోసం వేచి ఉండనవసరం లేదు.

11. ఉపసంహారం

‘నాణ్యత తక్కువ’ అనేది ఒక కొలత, తీర్పు కాదు. విడివడే పరిమాణం, దిగుబడి, విద్యుత్తు ఖర్చు, వ్యర్థ నిర్వహణ అన్న నాలుగు లెక్కలు పూర్తయిన తరువాతనే అది తీర్పు కాగలదు. ఆ తీర్పు అనుకూలంగానే ఉంటుందన్న హామీ లేదు. ఖనిజం శుద్ధికి లొంగకపోవచ్చు. లొంగినా పరిమాణం చాలకపోవచ్చు. ఆ రెండూ కుదిరినా నీరు, గ్రామసభల అభిప్రాయం ప్రతికూలం కావచ్చు. అయితే కారణం ఏదైనా అది అంకెల్లో, తెలుగులో, జిల్లా ప్రజలకు అందుబాటులో ఉండాలి. చట్టం చేసిన హామీ పరిశీలన గురించే కనుక, ఆ పరిశీలన సమగ్రంగా, బహిరంగంగా జరగడం జిల్లా ప్రజలకు దక్కవలసిన కనీస ఫలితం.